పాత అంబాసిడర్ ఆయిల్ ఛాంబర్ మార్చాలంటే?

విజయనగరంలో స్పీడ్ బ్రేకర్‌కి తగిలి మీ అంబాసిడర్ ఆయిల్ ఛాంబర్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే రేకు తొట్టి, నొక్కుకుపోయిందన్నారు. ఆ నొక్కు లోపలి స్ట్రెయినర్‌కి (ఆయిల్‌ని వడగట్టే జాలీ) ఆనుకుంటే ఇంజన్‌కి ఆయిల్ అందదు, బండి నడపకండి.

ముందు ఇంజన్ ఏదో చూడండి. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఛాంబర్ 1.8 లీటర్ల ఇసుజు ఇంజన్‌కి సరిపోదు. ఊళ్లో దొరక్కపోతే విశాఖ ఆటోనగర్, ఆఖరికి కోల్‌కతా మల్లిక్ బజార్. పాతది వెంట తీసుకెళ్లి రంధ్రాలు, లోతు పోల్చుకోండి. సెకండ్‌హ్యాండ్‌దైతే కిరసనాయిలు పోసి రాత్రంతా ఉంచండి, సన్న చిల్లైనా బయటపడుతుంది.

బిగించేముందు బోల్టు రంధ్రాల చుట్టూ లేచిన రేకును సుత్తితో చదును చేయాలి. చాలామంది ఇదే వదిలేస్తారు, అందుకే మళ్లీ కారుతుంది. ఆయిల్ కారకుండా మధ్యలో వేసే కార్క్ గ్యాస్కెట్ కొత్తది వేసి, బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. బలం ఎక్కువైతే కార్క్ పిగిలిపోతుంది.