మెయిన్ ఆపాక కూడా షాక్ కొడుతుంది

చిన్నా,

తెనాలి ఇంటికి సంక్రాంతిలోపు నువ్వే రంగులు వేసి, ఫ్యాన్లు మార్చి, గోడలకు అరలు బిగిస్తానంటున్నావని అమ్మ చెప్పింది. చేసుకో. పనివాళ్లు చెప్పిన రోజుకు రారు, వచ్చినా మన ఇంటి మీద నీకున్న శ్రద్ధ వాళ్లకెందుకుంటుంది? ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే ఇలా రాస్తున్నాను.

34 ఏళ్లు కరెంటు పని చేసినవాణ్ణి కదా, ముందు నా తెలివితక్కువతనం విను. ఒకరింట్లో ఫ్యాన్ మార్చడానికి స్టూలెక్కాను. మెయిన్ నా చేత్తోనే ఆపాను. తీగ ముట్టుకోగానే లాగి కొట్టింది. కింద పడితే ఎడమ మణికట్టు విరిగింది. ఆ ఇంట్లో ఇన్వర్టర్ ఉందేమో అని అడగాలనే తోచలేదు. మెయిన్ పోగానే అది అందుకుని ఫ్యాన్లకు 230 వోల్టులు పంపడం మొదలుపెట్టింది. దాని పనే అది, దాన్నేం అంటాం? మన ఇంట్లోనూ మెట్ల కింద ఒకటి ఉంది. మెయిన్ ఆపాక దాన్ని కూడా ఆపు. ఆపి, మీ ఆవిడకు చెప్పు, నువ్వు దిగేదాకా అటు ఎవరినీ వెళ్లనివ్వొద్దని. చీకటిగా ఉందని ఎవరో ఒకరు వెళ్లి స్విచ్ వేసేస్తారు.

ఆ ఇల్లు తాతయ్య కట్టించినది. కరెంటు వచ్చే తీగ ఫేజ్, తిరిగి వెళ్లేది న్యూట్రల్. పాత ఇళ్లలో స్విచ్‌ను ఫేజ్‌కు కాకుండా న్యూట్రల్‌కు ఇచ్చిన బోర్డులు నేను చాలా చూశాను. స్విచ్ ఆపితే ఫ్యాన్ ఆగిపోతుంది, పైన తీగలో కరెంటు మాత్రం అలాగే ఉంటుంది. తీగ రంగును కూడా నమ్మకు. ఆ రోజు చేతిలో ఏ రంగు తీగ చుట్ట ఉంటే అదే లాగేసేవాళ్లు, నేనూ లాగాను. టెస్టర్‌ను ముందు కరెంటున్న ప్లగ్గులో పెట్టి, వెలుగుతోందో లేదో చూసుకో. మెయిన్, ఇన్వర్టర్ ఆపాక తీగ మీద పెట్టు. పగటి వెలుతురులో ఆ చిన్న దీపం కనిపించదు, చెయ్యి అడ్డం పెట్టి చూడు.

"కొత్త ఎంసీబీలు పెట్టించాను, ఇంకేం భయం" అన్నావట. ఎంసీబీ అంటే తీగల్లో కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్. అది కాపాడేది తీగలను, నిన్ను కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ, మనిషి ఒంట్లోంచి కరెంటు పోతున్నా పడిపోదు. మనిషిని చంపడానికి ఒక ఆంపియర్‌లో పదో వంతు చాలు. నీకు కావలసింది కరెంటు నేలకు లీకైతే కనిపెట్టి పడిపోయే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కు, టప్పున పడాలి. అదుంది కదా అని ధైర్యం చేయకు. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది కనిపెట్టలేదు.

గోడకు డ్రిల్ చేసేటప్పుడు స్విచ్ బోర్డుకు సరిగ్గా పైనా, కిందా బెజ్జం వేయకు. కరెంటు తీగల పైపులు నిలువునా అటే వెళ్తాయి. గోడకు అటువైపు బాత్రూమ్ ఉంటే నీళ్ల పైపు కూడా చూసుకో.

నిచ్చెన 12 అడుగుల ఎత్తున ఆనించితే కాళ్లు గోడకు 3 అడుగుల దూరంలో ఉండాలి. అందని చోటికి వంగకు, దిగి నిచ్చెన జరుపుకో. బద్ధకమేస్తుంది, నాకు తెలుసు. ముందువైపు రంగు వేసేటప్పుడు అల్యూమినియం నిచ్చెన వాడకు, స్తంభం నుంచి వచ్చే సర్వీసు తీగ అటే ఉంది. వెదురుదైనా ఆ తీగకు దూరంగానే ఉంచు. వంటింటి పంచ మీది సిమెంటు రేకుల మీద అసలు కాలు పెట్టకు. బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి, అడుగు వేస్తే విరుగుతాయి.

పాత రంగు పొడిగా గీకకు. రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది, మన తలుపులకు అంతకు చాలా ముందే వేశారు. తడిపి గీకు, మాస్కు పెట్టుకో, పిల్లల్ని నాలుగు రోజులు అత్తగారింట్లో ఉంచు. బాత్రూమ్ కడిగేటప్పుడు యాసిడ్, బ్లీచింగ్ కలపకు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

ఇక సంపు కడగడం. ఆ పని నువ్వు చేయొద్దు. చాలాకాలం మూసి ఉన్నదాంట్లో గాలి ఉండదు. దిగినవాడు పడిపోతే, వాణ్ణి తీయడానికి దిగినవాడు కూడా పడిపోతాడు. సెప్టిక్ ట్యాంకు అయితే మరీను. రక్షణ సామగ్రి లేకుండా అందులోకి మనిషిని దించితే 2013 చట్టం ప్రకారం నేరం. డబ్బిస్తే ఎవడో ఒకడు దిగుతాడని ఆలోచన కూడా పెట్టుకోకు, యంత్రంతో చేసేవాళ్లను పిలువు.

ఎవరికైనా షాక్ కొడితే చెయ్యి పట్టి లాగొద్దు. ముందు మెయిన్, ఇన్వర్టర్ ఆపాలి, తర్వాత 108. ఇది మీ ఆవిడకు కూడా చదివి వినిపించు, పక్కన ఉండేది తనే.

ఫ్యాన్ల పని ఆదివారానికి ఆపు. శనివారం సాయంత్రం బస్సుకు వస్తాను. నా టెస్టర్ తెస్తాను, ఎందుకంటే నువ్వు కొన్నది ముప్పై రూపాయలదని మీ అమ్మ చెప్పింది.

మీ మామయ్య