థాంక్స్‌గివింగ్ టర్కీ: ముందు ఉప్పు, వెన్నెముక సంగతి చూడండి, మసాలా తర్వాత

12 పౌండ్ల ఫ్రోజెన్ టర్కీ కొన్నామని, మొదటిసారి వండుతున్నామని, ఎండిపోకుండా, నీచు వాసన లేకుండా మన నోటికి నచ్చేలా ఎలా చేయాలని అడిగారు. అమెరికా వచ్చాక తొమ్మిదేళ్ళుగా ప్రతి నవంబరులో నాలుగో గురువారం వచ్చే ఈ పండక్కి మా ఇంట్లో టర్కీ నేనే వండుతున్నాను. ఓవెన్‌లో మామూలుగా కాల్చాను, తందూరీలా పెరుగులో నానబెట్టాను, ఇగురు వండాను. ఇప్పుడు ఎవరు అడిగినా ఒకటే చెబుతాను: రెండు రోజుల ముందు ఉప్పు పట్టించండి, వెన్నెముక తీసి పక్షిని పరిచి కాల్చండి. మసాలా మీ ఇష్టం.

అన్నిటికంటే ముందు మంచు సంగతి. మొదటి ఏడాది నేను బుధవారం సాయంత్రం ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. గురువారం పొద్దున లోపల చెయ్యి పెడితే మంచుగడ్డ తగిలింది. సింకులో చన్నీళ్ళు నింపి, అరగంటకోసారి నీళ్ళు మారుస్తూ కూర్చున్నాను. పౌండుకి అరగంట లెక్కన ఆరు గంటలు అక్కడే అయిపోయాయి. మధ్యాహ్నం భోజనానికి పిలిచినవాళ్ళకి రాత్రి తొమ్మిదికి వడ్డించాను. పిల్లలు అప్పటికే పెరుగన్నం తిని పడుకున్నారు. ఆ బాధ మీకొద్దు. ఫ్రిజ్‌లో నాలుగైదు పౌండ్లకి ఒక రోజు పడుతుంది. కాబట్టి మీది శనివారమే ఫ్రిజ్‌లోకి మార్చండి, కింద అంచులున్న ట్రే పెట్టండి.

మంగళవారం రాత్రి కవరు విప్పండి. కడుపులో మెడ, ఒక చిన్న సంచిలో కందనకాయ, కార్జం ఉంటాయి. కొన్నిటికి ఆ సంచి మెడ వైపు తోలు కింద దాగి ఉంటుంది, రెండు వైపులా వెతకండి. కడగడం గురించి ఒక మాట. పసుపు, ఉప్పు వేసి నాలుగుసార్లు కడగనిదే మనకి మనసొప్పదు. కానీ ఇంత పెద్ద పక్షిని సింకులో కడిగితే ఆ నీళ్ళు చుట్టుపక్కల గిన్నెలన్నిటి మీదా చిందుతాయి. ఇక్కడి వ్యవసాయ శాఖ కూడా కడగొద్దనే చెబుతుంది. నేను పేపర్ టవల్స్‌తో లోపలా బయటా తడి లేకుండా తుడుస్తాను. నీచు పోయేది కడగడంతో కాదు, ఉప్పుతో.

వెన్నెముక తీయడం మా పక్కింటి పెద్దావిడ నేర్పింది. పక్షిని బోర్లా పెట్టి, తోక దగ్గర మొదలుపెట్టి వెన్నెముకకి ఒక పక్కన గట్టి వంటింటి కత్తెరతో కత్తిరించుకుంటూ మెడ దాకా వెళ్ళాలి. తొడ కీలు దగ్గర కత్తెర ఆగిపోతుంది. అక్కడ బలం పెట్టకుండా అర అంగుళం లోపలికి జరిపితే దారి దొరుకుతుంది. రెండో పక్కా అలాగే. తర్వాత వెల్లకిలా తిప్పి, రెండు అరచేతులూ బ్రెస్ట్ మధ్యలో ఆనించి బరువంతా వేసి నొక్కండి. 'కటుక్' మని చప్పుడు వచ్చి పక్షి పుస్తకంలా పరుచుకుంటుంది. దీన్ని ఇక్కడ స్పాచ్‌కాక్ అంటారు. మామూలుగా కాలిస్తే బ్రెస్ట్ ముందు ఉడికిపోతుంది, తొడలు ఉడికేదాకా ఉంచితే అది పీచులా ఎండుతుంది. పరిచినప్పుడు తొడలకి వేడి బాగా తగిలి రెండూ ఇంచుమించు ఒకేసారి అవుతాయి. తోలంతా పైకే ఉంటుంది కాబట్టి మొత్తం కరకరలాడుతుంది.

ఉప్పు 5 పౌండ్లకి ఒక టేబుల్ స్పూను కోషర్ ఉప్పు (ఇక్కడ దొరికే పెద్ద పలుకుల ఉప్పు) చొప్పున. మెత్తటి ఉప్పయితే అందులో సగమే. ముందు ప్యాకెట్ మీద చదవండి, ఉప్పునీళ్ళు ఎక్కించినదని రాసి ఉంటే ఉప్పు ఇంకా బాగా తగ్గించాలి. తోలు చిరగకుండా వేళ్ళు లోపలికి పోనిచ్చి, వెన్నలో అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, మిరియాల పొడి, సన్నగా తరిగిన కరివేపాకు కలిపి మాంసానికి పట్టించండి. తోలు పైన మాత్రం ఉప్పు, కాస్త మిరియం తప్ప ఏమీ వద్దు. అల్లం వెల్లుల్లి పైన ఉంటే మాడి చేదెక్కుతుంది. పెరుగు పట్టించిన ఏడాది నాకు తోలు మెత్తబడిపోయి అక్కడక్కడ నల్లబడింది, మళ్ళీ ఆ జోలికి పోలేదు. మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. గురువారానికి తోలు పలచటి కాగితంలా ఆరిపోయి, కింద కండ రంగు కనిపిస్తుంది. అలా ఉంటేనే కరకరలాడుతుంది.

ట్రేలో ఉల్లిపాయ, క్యారెట్ ముక్కలు, ఒక కప్పు నీళ్ళు వేయండి. నీళ్ళు లేకపోతే కారిన కొవ్వు మాడి ఇల్లంతా పొగ. పైన జాలీ మీద పక్షి. మా ఓవెన్‌లో 425 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గంటన్నర పడుతుంది. మీరు గంటా పదిహేను నిమిషాల నుంచే థర్మామీటరు పెట్టి చూడండి. బ్రెస్ట్ మందంగా ఉన్నచోట, తొడ లోపలి భాగంలో, ఎముకకి తగలకుండా గుచ్చినప్పుడు 165 రావాలి. ఉడికిందని చెప్పడానికి కొన్ని టర్కీలకి గుచ్చి వచ్చే ప్లాస్టిక్ బుడిపె పైకి లేచేదాకా ఆగొద్దు, దాన్ని నమ్మిన ఏడాది మాకు బ్రెస్ట్ గొంతు దిగలేదు. తీశాక అరగంట కదపకుండా వదిలేయండి. బ్రెస్ట్‌ని ఎముక నుంచి మొత్తంగా ఊడదీసి అడ్డంగా కోస్తే ముక్క మెత్తగా ఉంటుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కాల్చిన మాంసం పడకపోతే లెగ్ పీసులు వేరుచేసి ఇగురు పెట్టండి. మా అత్తయ్య వచ్చిన ఏడాది అదే చేశాం. టర్కీ కాళ్ళలో పుల్లల్లాంటి గట్టి నరాలు ఉంటాయి. కుక్కర్‌లో ఐదారు విజిల్స్ రానిచ్చాక అవి పట్టుకుని లాగితే ఊడొచ్చేశాయి. గసగసాలు, కొబ్బరి నూరి వేసి దగ్గరగా ఇగిర్చారు అత్తయ్య. ఆ రాత్రి మా అమెరికన్ స్నేహితులు గ్రేవీ పక్కనపెట్టి ఇగురే కలుపుకున్నారు.

మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. బిర్యానీలో వేస్తే ఆఖర్న దమ్ములోనే వేయండి, మళ్ళీ ఉడికిస్తే రబ్బరే. ఎముకలు మాత్రం పారేయకండి. కోసి తీసిన ఆ వెన్నెముక, మెడ, మిగిలిన ఎముకలు కలిపి రెండు గంటలు మరగబెట్టి వడకట్టి, మిరియాలు, జీలకర్ర దంచి వేసి, కాస్త చింతపండు పిసికి చారు కాయండి. శుక్రవారం పొద్దున చలిలో మా ఇంట్లో అందరూ అది గ్లాసుల్లో పోసుకుని తాగుతారు.