ఇంగ్లండ్ పల్లెటూరి చర్చి ఏ కాలానిదో కిటికీలు చూసి చెప్పొచ్చా?

చెప్పొచ్చు, కానీ అక్కణ్ణించి మొదలుపెడితే బోల్తా పడతారు. చర్చిలో అన్నిటికంటే ముందు మార్పించేది కిటికీలనే. 12వ శతాబ్దపు గోడలో 15వ శతాబ్దపు కిటికీ ఉండటం మామూలు.

కొండగుర్తులు ఇవి. గోడ మందం, కిటికీ చిన్నది, కమాను గుండ్రం అయితే నార్మన్, అంటే సుమారు 1190 లోపు. సన్నగా పొడవుగా, పైన కొనదేలిన ఒంటి కిటికీ అయితే ఎర్లీ ఇంగ్లిష్, 13వ శతాబ్దం. పైభాగంలో రాతి అల్లిక తీగల్లా మెలికలు తిరిగితే డెకరేటెడ్, సుమారు 1350 వరకు. నిలువు రాతి కమ్మీలు కమానుదాకా నిటారుగా పోతే పర్పెండిక్యులర్. ఈ పేర్లు 1817లో వాస్తుశిల్పి థామస్ రిక్‌మన్ ఖాయం చేసినవి. నార్మన్ పని కలగాపులగం కాకుండా చూడాలంటే హెరిఫర్డ్‌షైర్‌లోని కిల్పెక్‌కి వెళ్లండి.

అసలు కథ గోడల అతుకుల్లో ఉంటుంది. లోపలికి వెళ్లాక తూర్పున బలిపీఠం దగ్గర నిలబడి పడమటి గోపురం వైపు తిరగండి. గోపురం కమాను పైన గోడమీద తలకిందులైన V ఆకారంలో గీత కనిపిస్తే అది పాత కప్పు ఆనవాలు. గడ్డి, పెంకుల కప్పుకి వాలు బాగా ఉండాలి, లేకపోతే నీళ్లు కారతాయి. సీసపు రేకులకి ఆ బాధ లేదు. అందుకే తర్వాతి కాలంలో గోడలు పైకి లేపి, పైవరుస కిటికీలు పెట్టి, కప్పుని దాదాపు చదును చేశారు.

తర్వాత స్తంభాలు చూడండి. ఉత్తరం వైపువి గుండ్రంగా, దక్షిణం వైపువి ఎనిమిది పలకలుగా ఉంటే రెండు పక్క నడవలూ వేర్వేరు తరాల్లో కట్టినవని దాదాపు ఖాయం.

గోడలో ఎక్కడికీ చేరని ఇరుకు మెట్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. చాన్సెల్ ముందు, అంటే మన లెక్కలో గర్భగుడి గడప దగ్గర, చెక్క తెరమీద శిలువ నిలిపిన అటక ఉండేది. బొమ్మల పూజ వద్దన్న మతసంస్కరణ కాలంలో, 1561 ఆదేశంతో అటకలు దించేశారు, మెట్లు మిగిలాయి. తెర కింది పలకలు చాలాచోట్ల బతికాయి. నార్ఫోక్‌లోని రాన్‌వర్త్‌లో సాధువుల బొమ్మల రంగు ఇప్పటికీ తేటగా ఉంది. దక్షిణపు గోడలో తూము ఉన్న చిన్న గూడు కనిపిస్తే, ఆ పక్కన ఒకప్పుడు బలిపీఠం ఉండేదని అర్థం. పాత్రలు కడిగిన నీళ్లు అందులో పోసేవారు.

గోడ చిత్రాలకి 16వ శతాబ్దంలో సున్నం కొట్టేశారు. చిత్రమేమిటంటే ఆ సున్నమే చాలావాటిని కాపాడింది. సఫోక్‌లోని వెన్‌హాస్టన్‌లో 1892లో సున్నం కొట్టి ఉన్న పాత చెక్క పలకలని బయట పారేస్తే, వానకి సున్నం కరిగి చివరి తీర్పు చిత్రం బయటపడింది.

విక్టోరియన్ల, అంటే 19వ శతాబ్దపు వాళ్ల, మరమ్మతులే అతిపెద్ద మోసం. రాతి అంచులు కత్తిలా పదునుగా, అన్నీ ఒకే తీరుగా ఉంటే అనుమానించండి. లోపల గచ్చు పూర్తిగా గీకేసి రాయి బయటపెట్టారంటే అదీ వాళ్ల పనే కావచ్చు. ఆ గీకుడుతో చిత్రాలు కూడా పోయాయి. అది చూడలేకే కవి, డిజైనర్ విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు. గీకుడు పడని చర్చి ఎలా ఉంటుందో చూడాలంటే ఆయన కాపాడిన ఇంగిల్‌షమ్ ఉంది, విల్ట్‌షైర్‌లో.

బయట రాళ్ల సందుల్లో బూడిదరంగు గట్టి సిమెంటు కనిపిస్తే అది ఇటీవలిది, హానికరం కూడా. సున్నపు గార తేమని బయటికి వదులుతుంది. సిమెంటు వదలదు. తేమ మెత్తటి రాతిలోంచే దారి వెతుక్కుంటుంది, చలికి గడ్డకట్టి రాయి ముఖాన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది.

టార్చ్, బైనాక్యులర్ తీసుకెళ్లండి. కప్పు దూలాలమీది చెక్కడాలు వట్టి కంటికి ఆనవు.