బఫీ గురించి అభిమానులు ఇప్పటికీ ఎందుకు మాట్లాడుకుంటున్నారు?

వాంపైర్లను, అంటే రక్తం తాగే పిశాచాలను, వేటాడే బఫీ అనే అమ్మాయి కథ చెప్పే అమెరికన్ టీవీ సీరియల్ ‘బఫీ ది వాంపైర్ స్లేయర్’ మొదటి సీజన్‌లోని 12 ఎపిసోడ్లూ చూసి, మసక బొమ్మా రాక్షసుల రబ్బరు ముఖాలూ నచ్చక ఆపేశానని మీరు రాశారు. సైన్స్ ఫిక్షన్, వాంపైర్ సీరియళ్ళ అభిమానులు నలుగురు కలిస్తే మాట ఇన్నేళ్ళ తర్వాత కూడా దాని మీదికే ఎందుకు మళ్ళుతుందని అడిగారు. కథ ముందే తెలిసిపోయినా అభ్యంతరం లేదన్నారు కాబట్టి ఏదీ దాచకుండా చెబుతాను.

మీరు చూసిన లోపం నిజమే. 1997 మార్చిలో మొదలైన ఈ సీరియల్‌ను మొదటి రెండు సీజన్ల పాటు 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీశారు, అందుకే బొమ్మలో ఆ గరుకుదనం కనిపిస్తుంది. కథ కూడా మొదట్లో వారానికో భూతం, దానికో సంహారం అన్నట్టే సాగుతుంది. అసలు సీరియల్ రెండవ సీజన్ నడిమధ్య, 1998 జనవరిలో వరుసగా రెండు రోజులు ప్రసారమైన ‘సర్ప్రైజ్’, ‘ఇన్నోసెన్స్’ ఎపిసోడ్లతో మొదలవుతుందని నా అభిప్రాయం.

నేను 1999లో ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్ళాను. మా అపార్టుమెంటులో నాతో పాటు గుంటూరు అబ్బాయి ఒకడు, వరంగల్ అబ్బాయి ఒకడు ఉండేవారు. ఆ రోజుల్లో మంగళవారం రాత్రి 8 గంటలకు ‘బఫీ’, 9 గంటలకు దాని నుంచి పుట్టిన ‘ఏంజెల్’ వచ్చేవి. ప్రకటనలు వచ్చినప్పుడల్లా మొదలయ్యే మా వాదన ఒక్కోసారి అర్ధరాత్రి గిన్నెలు కడిగేదాకా సాగేది, అది ఎప్పుడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగేది. ఈ కథలో మనిషి వాంపైర్ అయినప్పుడు అతని జ్ఞాపకాలూ తెలివీ మాటతీరూ అలాగే మిగిలి, ఆత్మ ఒక్కటే పోతుంది. బఫీ ప్రేమించే ఏంజెల్ అనే వాంపైర్‌కు 1898లో ఒక తెగవాళ్ళు శాపంగా ఆత్మను తిరిగి అంటగడతారు, చేసిన హత్యలన్నీ తలచుకుంటూ కుమిలిపోవడమే అతనికి శిక్ష. ఒక్క క్షణం పరిపూర్ణమైన సుఖం అనుభవిస్తే మాత్రం ఆ ఆత్మ మళ్ళీ పోతుంది. ‘ఇన్నోసెన్స్’లో జరిగేది అదే.

మా గుంటూరు మిత్రుడికి ఇది ససేమిరా మింగుడుపడలేదు. శస్త్రాలు ఛేదించలేనిది, అగ్ని దహించలేనిది అని చిన్నప్పటి నుంచి విన్న ఆత్మ, శాపంతో వచ్చి సుఖంతో ఎలా పోతుందని అతను నిలదీసేవాడు. పైగా ఆత్మ పోయాక మిగిలేది శవమే కానీ, నడుస్తూ పరిహాసాలాడే మనిషి కాదు కదా అనేవాడు. కొన్ని వారాల తర్వాత వరంగల్ మిత్రుడు, “దాన్ని ఆత్మ అనకురా, మనస్సాక్షి అను, కథ మొత్తం కుదురుతది” అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు సీరియల్ కొత్తగా తెరుచుకుంది. మీరూ తెలుగులోనే ఆలోచించేవారైతే ఆ మాట పెట్టుకుని చూడండి.

ఆ తర్వాత చెప్పుకోవలసింది అభిమానుల లోకాన్ని రెండుగా చీల్చిన స్పైక్ అనే మరో వాంపైర్ గురించి. నాలుగవ సీజన్‌లో సైనికులు అతని తలలో ఒక చిప్ పెట్టడంతో మనుషులను గాయపరచలేని స్థితిలో పడతాడు, క్రమంగా బఫీని ప్రేమిస్తాడు, చివరికి 2002లో ముగిసిన ఆరవ సీజన్ ఆఖరున ఆఫ్రికా వెళ్ళి పరీక్షలకు ఓర్చి తనంతట తానే ఆత్మను సంపాదించుకుంటాడు. శాపంగా వచ్చిన మనస్సాక్షి గొప్పదా, కోరి తెచ్చుకున్నది గొప్పదా అన్నది నేటికీ తెగని తగువు. నేను స్పైక్ పక్షమే, కానీ ఆ ప్రయాణానికి ముందు అతను బఫీ మీద చేసిన అఘాయిత్యాన్ని పక్కన పెట్టి అతన్ని పొగిడేవారితో నాకు ఎన్నడూ పొసగలేదు.

అయితే ఇంత వాదన సాధ్యం కావడానికి కారణం ఈ కథ తాను పెట్టుకున్న నియమాలకు కట్టుబడి ఉండడమే. పిలవనిదే వాంపైర్ ఇంట్లో అడుగుపెట్టలేడు, అద్దంలో కనిపించడు, గుండెలో కొయ్య దిగితే ధూళి అవుతాడు. వీటన్నిటికంటే కఠినమైన నియమం మరొకటుంది: మంత్రశక్తి వల్ల పోయినవారిని మంత్రంతో తిరిగి తేవచ్చు గానీ, మామూలుగా పోయినవారిని తేలేరు. బఫీ స్వయంగా చనిపోయి తిరిగి వస్తుంది. ఆమె తల్లి జాయిస్ రాదు.

ఆ మరణం 2001 ఫిబ్రవరి 27న ప్రసారమైన ‘ది బాడీ’లో ఉంది. తల్లి మెదడులో రక్తనాళం చిట్లి పోతుంది, ఏ భూతానికీ అందులో ప్రమేయం లేదు. ఎపిసోడ్ మొత్తంలో నేపథ్య సంగీతం లేదు. బఫీ ఇంట్లోకి వచ్చి సోఫా మీద తల్లిని చూస్తుంది, గుండె మీద నొక్కుతుంటే ఎముక విరిగిన చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి ఆమె తివాచీ మీద వాంతి చేసుకుని, వెనక తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడితే బయట గాలికి గంటలు మోగుతుంటాయి, లోకం తన పని తాను చేసుకుపోతుంటుంది. ఆమె వెనక్కి వచ్చి వాంతి మీద కాగితపు తువ్వాలు పరుస్తుంది. ఆ తడి మెల్లగా కాగితంలోకి పాకడాన్ని కెమెరా దగ్గరగా చూపిస్తుంది. వెయ్యేళ్ళకు పైగా రాక్షసిగా బతికి కొత్తగా మనిషైన ఆన్యా, జాయిస్ ఇక ఎప్పటికీ పండ్ల రసం తాగదా, తల దువ్వుకోదా, ఎందుకో నాకెవరూ చెప్పరేం అని ఏడుస్తుంది. ఆ రాత్రి తొమ్మిదింటి ‘ఏంజెల్’ నడుస్తూనే ఉంది గానీ మా ముగ్గురిలో ఎవరమూ చూడలేదు.

2008లో రాజమండ్రి నుంచి మా నాన్నగారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. ఫోన్ పెట్టేసి, మిగిలిన నాలుగు చొక్కాలూ అంచులు కలిపి మడిచి, అలమరలో సర్ది, అప్పుడు కూర్చున్నాను. పక్కింట్లో ఎవరో గడ్డి కోస్తున్న యంత్రం మోత ఆగకుండా వినిపిస్తూనే ఉంది. నేను చేసింది తప్పేమోనన్న బాధ చాలాకాలం ఉండేది. వరంగల్ మిత్రుడికి చెబితే, “కాగితపు తువ్వాలు గుర్తుందా?” అని మాత్రం అడిగాడు. ఏడేళ్ళ కిందట కలిసి చూసిన ఒక దృశ్యాన్ని అతను ఆ సమయంలో నాకు అందించాడు. అభిమానులు ఏం మాట్లాడుకుంటారని మీరు అడిగితే నాకు మొదట గుర్తుకు వచ్చేది ఈ ఫోన్ సంభాషణే.

‘బఫీ’ సృష్టికర్త జాస్ వీడన్ 2002లో తీసిన ‘ఫైర్‌ఫ్లై’ అనే అంతరిక్ష సీరియల్ గురించి కూడా అభిమానులు ఇదే పట్టుదలతో మాట్లాడతారు. అందులో గ్రహాంతరవాసులు లేరు, శూన్యంలో ఓడ చప్పుడు చేయదు. ఛానెల్ మొదటి ఎపిసోడ్‌ను అన్నిటికంటే చివర వేసి, తీసిన 14లో 11 మాత్రమే ప్రసారం చేసి ఆపేసింది. దాన్ని తీసినవారు ఉద్దేశించిన వరుసలోనే, ‘సెరెనిటీ’ అనే ఎపిసోడ్‌తో మొదలుపెట్టి చూడండి.

‘బఫీ’ని మాత్రం రెండవ సీజన్ నుంచి క్రమం తప్పకుండా చూడమంటాను. దొరికితే పాత చదరపు తెర కొలతలో ఉన్న ప్రతినే ఎంచుకోండి, ఎందుకంటే వెడల్పు తెరకు మార్చిన ప్రతిలో కొన్నిచోట్ల చిత్రీకరణ సామగ్రి కూడా కనిపిస్తుంది. ‘ది బాడీ’ని ముందుగా విడిగా చూడకండి. ఐదవ సీజన్ 16వ ఎపిసోడ్ వరకూ జాయిస్‌తో కలిసి ఆ వంటింట్లో కూర్చున్నాకే దాని దగ్గరికి వెళ్ళండి, ఆ రాత్రికి ఇంకేదీ పెట్టుకోకండి.