నెలకి మిగిలే 200 డాలర్లు ఇంటికి పంపాలా, సిప్ వేయాలా?

ప్రశ్న: సార్, మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తున్నా, రెండో సెమిస్టర్ ఇప్పుడే మొదలైంది. ఇంతవరకు లోన్ 24 లక్షలు, వడ్డీ పదిన్నర శాతం, నాన్న మామిడి తోట పత్రాలు బ్యాంకులో పెట్టినాడు. క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని, గంటకి 12 డాలర్లు, రెంటూ తిండీ పోను నెలకి 200 మిగుల్తుంది. క్లాసులు, ల్యాబు, డ్యూటీతో నిద్రకే టైం లేదు, డబ్బు గురించి కూర్చుని ఆలోచించే ఓపిక అసలే లేదు. ఇంటికి ఏమీ పంపట్లేదని గిల్టీగా ఉంది. రూమ్మేట్ ఇండియాలో సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత పెట్టడం) వేయమంటోంది, అమ్మ ఊళ్ళో చీటీ వేద్దామంటోంది, ఒక సీనియర్ గ్యాస్ స్టేషన్‌లో క్యాష్‌కి చేరమంటున్నాడు. ఏం చేసేది?

జవాబు: ముందు ఆ గ్యాస్ స్టేషన్ సంగతి తేల్చేద్దాం అమ్మా, ఎందుకంటే మిగతా వాటిల్లో తప్పటడుగు పడినా సర్దుకోవచ్చు, ఇందులో సర్దుకోలేం. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే చేయాలి, బయట పర్మిషన్ లేకుండా చేస్తే స్టేటస్ పోయినట్టే. గంటకి పదో పన్నెండో క్యాష్ ఇస్తాడు, దానికి నువ్వు పణంగా పెట్టేది నీ వీసా ఒక్కటే కాదు, బ్యాంకులో ఉండే మీ నాయిన తోట కూడా. ఆ సీనియర్‌కి ఏమీ కాలేదు అంటావేమో, ఇంతవరకు కాలేదు అంతే.

ఇప్పుడు 200 డాలర్ల లెక్క. డాలరు 85 రూపాయలని తక్కువగానే వేసుకుంటే నెలకి 17,000. నీ లోన్‌కి పదిన్నర చొప్పున నెల వడ్డీ 21,000. చదివేటప్పుడు ఈ వడ్డీ మామూలు వడ్డీగానే లెక్క కడతారు, కోర్సు అయినాక ఆర్నెల్లో ఏడాదో టైం ఇచ్చి అప్పుడు పోగైన వడ్డీని అసలులో కలిపేస్తారు, ఇక్కడే చాలామంది గమనించకుండా దెబ్బ తినేది. రెండేళ్ళు ప్లస్ ఆర్నెల్లు, అంటే 30 నెలలు ఏమీ కట్టకపోతే 6,30,000 పోగవుతుంది, 24 లక్షలు కాస్తా 30,30,000 అవుతుంది. పదేళ్ళ ఈఎంఐ 32,400 దగ్గర ఉండాల్సింది 40,900 దాకా పోతుంది. నెలకి 8,500 తేడా, పదేళ్ళలో పది లక్షల పైమాట.

ఇది చదివి వెంటనే ఉన్నదంతా లోన్‌కి కట్టేస్తానంటావు. ఆగు. ఈ 200 లతో లోన్ తీరదు, ఉద్యోగంతో తీరుతుంది. నెలకి 17,000 చొప్పున ఏడాదిన్నర కట్టినా 3 లక్షలు, ఈఎంఐలో నాలుగు వేలు తగ్గుతుంది, మంచిదే. కానీ చదువు అయినాక ఓపీటీ (డిగ్రీ అయినాక అక్కడ పని చేయడానికి ఇచ్చే పర్మిషన్) మొదలైందంటే ఉద్యోగం లేకుండా ఉండడానికి మొత్తం మీద 90 రోజులే ఇస్తారు. ఆ 90 రోజులు రెంట్ కట్టడానికి చేతిలో డబ్బు లేనివాళ్ళు ఏం చేస్తారంటే దొరికిన కన్సల్టెన్సీలో ఏ కాగితం మీద పెట్టమంటే ఆ కాగితం మీద సంతకం పెట్టేస్తారు, తిరుపతిలో నా ఆఫీసుకి వచ్చే తల్లిదండ్రులు చెప్పే కథల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. కాబట్టి నీ డబ్బు చేయాల్సిన మొదటి పని ఆ మూడు నెలల్లో నువ్వు తొందరపడకుండా చూడడం. 3,000 డాలర్లు పక్కన ఉండాలి, అంతవరకు ఇంటికి పైసా పంపొద్దు, గిల్టీ అనిపించినా సరే.

3,000 ఎట్లా వస్తుంది అంటే, సమ్మర్ సెలవుల్లో క్యాంపస్‌లో ఫుల్ టైం చేయొచ్చు. వారానికి 20 గంటలు అదనంగా 12 వారాలు దొరికితే 2,880 డాలర్లు. ఏడాది చదువు అయిపోతుంది కాబట్టి సీపీటీ (చదువులో భాగంగా బయట పని చేయడానికి ఇచ్చే పర్మిషన్) మీద పెయిడ్ ఇంటర్న్‌షిప్ దొరికితే ఇంకా మేలు, డబ్బుకీ రెజ్యూమేకీ రెండిటికీ. ఆ డబ్బుని వేరే సేవింగ్స్ అకౌంట్‌లో, ఎక్కువ వడ్డీ ఇచ్చేదాంట్లో పెట్టు, అక్కడి పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్‌గా ఉన్నన్నాళ్ళు బ్యాంకు వడ్డీ మీద నీకు అక్కడ పన్ను కూడా లేదు. యూనివర్సిటీ హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం డబ్బు మిగిల్చడానికని తీసేయొద్దు.

ఆగస్టు నుంచి 200 మొత్తం వడ్డీకి. ఒక ఆదివారం అరగంట కూర్చుని ఆటోమేటిక్‌గా పోయేటట్టు పెట్టేసి మర్చిపో, నీలాంటి బిజీ మనిషికి ప్రతి నెలా గుర్తు పెట్టుకుని చేసే ప్లాన్ ఏదీ నిలబడదు. నాయిన అకౌంట్‌కి పంపొచ్చు, కూతురు తండ్రికి ఇచ్చిన డబ్బు మీద ఆయనకి పన్ను పడదు. అమెరికా నుంచి బయటికి పంపే డబ్బు మీద 2026 జనవరి నుంచి వచ్చిన 1 శాతం రెమిటెన్స్ ట్యాక్స్ క్యాష్, మనీ ఆర్డర్ లాంటి వాటికే, బ్యాంక్ అకౌంట్ నుంచి పంపితే లేదు. నీ పాత సేవింగ్స్ అకౌంట్ ఇక్కడ ఇంకా మామూలుగానే ఉంటే దాన్ని ఎన్ఆర్ఓగా (ఎన్ఆర్ఐల రూపాయల అకౌంట్) మార్పించు, చదువుకోవడానికి పోయినవాళ్ళని కూడా విదేశీ మారకం చట్టం ఫెమా ప్రకారం ఎన్ఆర్ఐ గానే చూస్తారు.

నాయినకి రెండు పనులు చెప్పు. ఒకటి, బ్రాంచికి పోయి లోన్ స్టేట్‌మెంట్ తీసుకుని రేటు ఫ్లోటింగా ఫిక్స్‌డా అడగమను. 2025లో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటుని (బ్యాంకులకి తాను అప్పిచ్చే వడ్డీ) 6.50 నుంచి 5.25 కి దించింది, మీది రెపోకి లింకైన ఫ్లోటింగ్ అయ్యి ఇంకా పదిన్నరలోనే ఉంటే ఎందుకని అడగాల్సిందే. చదువు టైంలో వడ్డీ కట్టేవాళ్ళకి కొన్ని బ్యాంకులు 1 శాతం దాకా తగ్గిస్తాయి, అది కూడా రాతపూర్వకంగా అడగమను, నోటి మాటతో వద్దు. రెండు, ప్రతి నెలా ఇంత కడతానని ఆయన ఎక్కడా ఒప్పుకోవద్దు. మామిడి రైతుకి డబ్బు వచ్చేది ఏడాదికి ఒకసారి, అదీ రేటు ఉంటే. 2025 సీజన్లో తోతాపురి కిలో 12 రూపాయలని, అందులో 4 ప్రభుత్వం ఇస్తుందని చెప్పినా రైతులు ఎంత అల్లాడినారో మీ ఇంట్లోనే చూసింటావు. కాయ అమ్మినాక జూలైలో చేతనైతే ఒక మొత్తం వడ్డీకి కట్టమను, లేకుంటే లేదు. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి మినహాయింపు ఇచ్చే 80ఈ సెక్షన్ కింద నాయినకి పన్ను తగ్గుతుందని ఎవరైనా చెప్తే పట్టించుకోవద్దు, వ్యవసాయ ఆదాయం మీద పన్నే లేనప్పుడు తగ్గేది ఏముంది.

సిప్ ఇప్పుడు వద్దు. పదిన్నర శాతం అప్పు పెట్టుకుని గ్యారంటీ లేని రాబడి వెంట పోవడం ఒక తప్పు, ఇంకోటి ఏంటంటే రేపు నువ్వు అక్కడ ట్యాక్స్ రెసిడెంట్ అయినాక ఇండియన్ మ్యూచువల్ ఫండ్స్‌ని వాళ్ళ పన్ను చట్టంలో పీఫిక్ (విదేశీ పెట్టుబడి కంపెనీ) అంటారు, ఆ ఫారాలు నింపడానికయ్యే ఖర్చు నీ లాభం కంటే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు.

రూమ్మేట్ చెప్పని విషయం ఒకటి చెప్తా. పే స్లిప్ తీసి చూడు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పేరుతో 7.65 శాతం పట్టుకుంటున్నారేమో. ఎఫ్-1 స్టూడెంట్‌కి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు అది పడకూడదు, పడితే పేరోల్ ఆఫీసుని అడిగి వెనక్కి తీసుకోవాలి. ఫెడరల్ ట్యాక్స్‌లో ఇండియా స్టూడెంట్స్‌కి రెండు దేశాల పన్ను ఒప్పందంలో ఆర్టికల్ 21 వల్ల స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను పడకుండా వదిలేసే మొత్తం, దొరుకుతుంది, 2025కి అది 15,750 డాలర్లు, నీ ఒక్క సెమిస్టర్ జీతం అందులో మునిగిపోతుంది కాబట్టి పట్టుకున్నదంతా వెనక్కి రావాలి. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఎలాగూ లేదు. ఏప్రిల్ 15 లోపల నాన్ రెసిడెంట్ల ట్యాక్స్ రిటర్న్ 1040-ఎన్ఆర్, దాంతోపాటు 8843 ఫారం వేయాలి. రెసిడెంట్లు వేసే మామూలు 1040 వేసి ఎక్కువ రీఫండ్ తెచ్చుకున్నామని చెప్పేవాళ్ళ మాట వినొద్దు, తర్వాత వీసా పనుల్లో అది బయటికొస్తుంది.

ఇక అమ్మ చీటీ. రిజిస్టర్ కాని చీటీ అయితే నీ డబ్బు అందులోకి పోకూడదు, ఎంత తెలిసినవాళ్ళు నడిపినా సరే. రిజిస్టర్ అయినదే అయినా లోన్ వడ్డీ కంటే ముందు దానికి పెట్టడంలో అర్థం లేదు. అమ్మ తన పాల డబ్బుతో వేసుకుంటానంటే వేసుకోనివ్వు, అది ఆమె ఇష్టం, అందులో మనం తలదూర్చొద్దు.