మార్కుల భయం వదిలి, ప్రాక్టీస్ సంగతి అడగండి

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను, నా సబ్జెక్టు మ్యాథ్స్. ప్రభుత్వ బడిలో టీచర్ కావాలని ఉంది. మంచి శిక్షణ కోర్సును ఎలా గుర్తుపట్టాలి? పిల్లల మార్కులను బట్టే టీచర్ పనితీరు తేలుస్తారని విన్నాను. అదే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం. నిరుటి మార్కులను ఈ ఏటి మార్కులతో పోల్చి, పెరిగినదాంట్లో టీచర్ వాటా ఎంతో లెక్కగట్టే పద్ధతి అమెరికాలో గట్టిగానే నడిచింది. దాన్ని ‘వాల్యూ యాడెడ్’ అంటారు. అయితే 2014లో అక్కడి గణాంక నిపుణుల సంఘమే జాగ్రత్త చెప్పింది. పిల్లల మార్కుల్లో కనిపించే తేడాల్లో టీచర్ల వల్ల వచ్చేది 1 నుంచి 14 శాతమేనని చాలా అధ్యయనాల్లో తేలిందని పేర్కొంది. టీచర్ ఎవరైనా ఒకటేనని దీనర్థం కాదు. ఒక్క ఏడాది మార్కులు చూసి మనిషిని తూచడం కుదరదని అర్థం.

మరి దేన్ని చూడాలి? గేట్స్ ఫౌండేషన్ 2009లో మొదలుపెట్టిన పరిశోధనలో సుమారు 3,000 మంది టీచర్లు పాల్గొన్నారు. క్లాసులో కూర్చుని పాఠం చూడటం, పిల్లల అభిప్రాయం అడగటం, మార్కుల్లో ఎదుగుదల, ఈ మూడూ కలిపితేనే అంచనా నిలకడగా ఉంటుందని తేలింది. పాఠాన్ని ఒక్కరే చూస్తే చాలదు, వేర్వేరు వ్యక్తులు చూడాలని కూడా. కానీ అదే సంస్థ డబ్బుతో కొన్ని జిల్లాల్లో ఇలాంటి మూల్యాంకనం అమలు చేస్తే, పిల్లల చదువు అనుకున్నంత మెరుగుపడలేదని 2018లో ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ నివేదిక ఇచ్చింది. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. జ్వరం ఎంతుందో చూసినంత మాత్రాన తగ్గదు కదా! పాఠం చూసినవాళ్లు రేటింగ్ వేసి వెళ్లిపోతే టీచర్‌కు ఒరిగేదేమీ లేదు. ‘ఈ చోట పిల్లలకు అర్థం కాలేదు, రేపు ఇలా చెప్పి చూడు’ అనేవాళ్లు కావాలి.

కోర్సును కూడా ఈ ఒక్క విషయంతోనే ఎంచుకోమంటాను. భవనాలు, ర్యాంకులు పక్కన పెట్టండి. అసలు బడిలో ఎన్ని వారాలు ఉంచుతారు? మీ పాఠాన్ని ఎవరు, ఎన్నిసార్లు చూస్తారు? చూశాక మీతో కూర్చుని మాట్లాడతారా, రికార్డులో సంతకం పెట్టి పంపేస్తారా? ఇవి కాలేజీ వాళ్లను కాదు, నిరుడు అక్కడ చదివినవాళ్లను అడగండి. లెసన్ ప్లాన్లు ఒకరివి చూసి ఒకరు రాసుకోవడమే ప్రాక్టీస్ అనుకునే చోట్లు ఉన్నాయని చాలామంది నాతో చెప్పారు.

బాగా చేసేచోట ఎలా ఉంటుందంటే, ఫిన్లాండ్‌లో యూనివర్సిటీలకే సొంత శిక్షణ బడులుంటాయి, అక్కడ అనుభవమున్న టీచర్ల కళ్ల ముందే పాఠం చెప్పాలి. అమెరికాలో 2003లో మొదలైన బోస్టన్ టీచర్ రెసిడెన్సీ అనే శిక్షణలో ఏడాదిపాటు ఒక సీనియర్ టీచర్ క్లాసులోనే ఉండి నేర్చుకుంటారు, కొత్త డాక్టర్లు ఆసుపత్రిలో సీనియర్ల దగ్గర పనిచేస్తూ నేర్చుకున్నట్టు.

మీ సబ్జెక్టుకు సంబంధించి ఇంకో మాట. 0.35, 0.8లో ఏది పెద్దది అంటే చాలామంది పిల్లలు 0.35 అంటారు, 35 పెద్ద సంఖ్య కాబట్టి. మీకు జవాబు తెలుసు. పిల్లాడికి ఆ తప్పు ఎందుకు తోచిందో తెలియడం వేరే విద్య. అమెరికా విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లో టీచర్‌కు ప్రత్యేకంగా కావలసిన జ్ఞానంగా చెప్పినదాంట్లో ఇదీ భాగమే. డిగ్రీలో ఇది నేర్పరు. కోర్సు సిలబస్‌లో దీనికి ఎంత చోటిచ్చారో చూడండి.

అడ్మిషన్లకు ఇంకా టైముంది కాబట్టి ఒక పని చేయండి. ఐదారుగురు పిల్లలను కూర్చోబెట్టి పది నిమిషాలు దశాంశాలు చెప్పండి, ఫోన్‌లో వీడియో తీయండి. చూసుకుని, మార్చి, ఇంకో గుంపుకు మళ్లీ చెప్పండి. 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన మైక్రో టీచింగ్ ఇంచుమించు ఇదే. మొదటి వీడియో చూడటం ఇబ్బందిగానే ఉంటుంది. మీరు ప్రశ్న వేసి పిల్లలకు ఆలోచించుకోవడానికి ఎన్ని సెకన్లు ఇచ్చారో లెక్కపెట్టండి.