బిస్మార్క్ ఓడ పైకాగితం మీద ఫ్రేముల గీతలు కనబడుతుంటే

మీరు కాగితంతో చేస్తున్న 1:200 స్కేల్ (అసలులో 200వ వంతు) బిస్మార్క్, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యుద్ధనౌక మోడల్‌కి, ఓడ బయటి తొడుగైన పైకాగితం ఆరగానే లోపలి ఫ్రేములు (ఓడ ఆకారాన్ని నిలబెట్టే అడ్డు పలకలు) గీతల్లా బయటపడుతున్నాయనీ, ఓడ ముందుభాగం అంటే ముక్కు దగ్గర ముక్కలు కలవడం లేదనీ రాశారు. టెన్షన్ పడకండి, ఇది సరిచేయగలిగేదే.

కారణం చాలావరకు తెల్ల జిగురు. అందులోని నీటికి కాగితం ఉబ్బి, ఆరేటప్పుడు బిగుసుకుని ఫ్రేముల మధ్య లోపలికి కుంగుతుంది. అసలు ఓడ 251 మీటర్లు. మీ మోడల్ 125 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి అంత పొడవునా ఆ లాగుడు స్పష్టంగా తెలుస్తుంది.

పైకాగితం జాగ్రత్తగా ఊడదీయండి. చిరిగితే ఆ పేజీని ముందే స్కాన్ చేసుకుని ఉంటే మళ్లీ ప్రింట్ తీసుకోవచ్చు. ఫ్రేముల మధ్య ఖాళీల్లో ఫోమ్ ముక్కలు నింపి, ఫ్రేముల అంచుకి సమంగా సన్నని గరుకు కాగితంతో రుద్దండి. దాని మీద ముందు మామూలు తెల్ల కాగితం పట్టీలు ఒక పొరగా అతికించండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, దీన్ని మాత్రం వదలొద్దు.

ఆ తర్వాతే అచ్చు వేసిన పైకాగితం, అదీ నీళ్లు లేని జిగురుతో. ఓడ మధ్య నుంచి మొదలుపెట్టి చివర్లకు వెళ్లండి. ఎడమవైపు ఒకటి అతికించాక కుడివైపు ఒకటి, లేకపోతే ఓడ మెలి తిరుగుతుంది. ముక్కు దగ్గరి ముక్కల్ని జిగురు లేకుండా పెట్టి చూసి, గుండ్రటి పెన్సిల్ మీద వంపు తిప్పాకే అతికించండి.